వస్తాడా, రాడా? అదే అసలు ఆయుధం

అమెరికాలో నాలుగేళ్ళు ఉద్యోగం చేసొచ్చిన మనవాళ్ళని కూడా అక్కడి ఫుట్‌బాల్ గురించి అడిగి చూడండి. "అబ్బే, అదేం ఆటండీ, అయిదు సెకన్లు కుమ్ముకుంటారు, అర నిమిషం నిలబడతారు" అంటారు. నిజమే, చూడ్డానికి అలాగే ఉంటుంది. కానీ ఆ నిలబడ్డ అర నిమిషంలోనే అసలు ఆటంతా ఉంది. ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలి, ఎవర్ని ఎప్పుడు వదలాలి అన్న లెక్కలన్నీ అప్పుడే తేలతాయి. ఆ లెక్కల్లో నాకు బాగా నచ్చిన ఒక్కదాని చరిత్ర చెప్తాను. మన ఉద్యోగాలకీ దానికీ కాస్త చుట్టరికం ఉంది.

ఆట తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. జట్టుకి 11 మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని ముందు అయిదుగురు భారీకాయులు గోడలా నిలబడతారు. అవతలి జట్టులో ఆ గోడకి ఎదురుగా లైన్‌మెన్, వాళ్ళ వెనకాల లైన్‌బ్యాకర్లు, ఇంకా వెనక బంతి అందుకునేవాళ్ళని కాపలా కాసేవాళ్ళు. విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడితే అది శాక్. ఈ లైన్‌బ్యాకరున్నాడే, రెండు పనులకీ పనికొచ్చే మనిషి. ముందుకి ఉరికి క్వార్టర్‌బ్యాక్‌ని పట్టుకోగలడు, వెనక్కెళ్ళి కాపలా కూడా కాయగలడు.

ఇప్పుడు ప్రశ్న. మీ జట్టులో మెరుపులా ఉరికే లైన్‌బ్యాకర్ ఉన్నాడు. వాణ్ణి ప్రతిసారీ ఉరికించాలా? "ఇదీ ఒక ప్రశ్నేనా, వాడికి వచ్చిన పని వాడితో చేయించాలి కదా" అని ఏ మేనేజరైనా అంటాడు. కాదని చరిత్ర చెప్తోంది.

కథ 1970ల్లో మొదలవుతుంది. అప్పటికి ప్రొఫెషనల్ లీగులో ఎక్కువ జట్లు నలుగురు లైన్‌మెన్, ముగ్గురు లైన్‌బ్యాకర్లతో ఆడేవి. 1974లో న్యూ ఇంగ్లండ్‌లో చక్ ఫెయిర్‌బ్యాంక్స్, హ్యూస్టన్‌లో బమ్ ఫిలిప్స్ దాన్ని తిరగేశారు. ముగ్గురు లైన్‌మెన్, నలుగురు లైన్‌బ్యాకర్లు. దీన్నే 3-4 అంటారు. ఇందులో కిటుకేమిటంటే, మామూలుగా క్వార్టర్‌బ్యాక్ మీదకి వచ్చేది నలుగురే. పాత పద్ధతిలో ఆ నలుగురూ ఎవరో ముందే తెలిసిపోయేది. ముందు వంగి నిలబడ్డ నలుగురే కదా. 3-4లో ముగ్గురు తెలుసు. నాలుగోవాడు ఆ నలుగురు లైన్‌బ్యాకర్లలో ఎవరైనా కావచ్చు. ఒక్క మనిషి విషయంలో అనుమానం పెట్టారు, అంతే. దానికే అవతలివాళ్ళ లెక్కలన్నీ తారుమారయ్యాయి.

ఇక్కడో తమాషా. 1981 డ్రాఫ్ట్ వచ్చేసరికి బమ్ ఫిలిప్స్ న్యూ ఆర్లీన్స్ కోచ్. కాలేజీ ఆటగాళ్ళలో మొదట ఎంచుకునే హక్కు ఆయనదే. నార్త్ కరోలినా నుంచి లారెన్స్ టేలర్ అనే లైన్‌బ్యాకర్ అందుబాటులో ఉన్నాడు. లైన్‌బ్యాకర్ల విలువ తెలిసిన ఆయనే జార్జ్ రోజర్స్ అనే రన్నింగ్ బ్యాక్‌ని తీసుకున్నాడు. పాపం రోజర్సేమీ తీసిపోలేదు, ఆ ఏడాది 1,674 గజాలతో లీగులో మొదటివాడుగా నిలిచాడు. కానీ రెండో పిక్ న్యూయార్క్ జెయింట్స్‌ది. వాళ్ళు టేలర్‌ని తీసుకున్నారు.

1980లో జెయింట్స్ 16 ఆటల్లో నాలుగే గెలిచి, 425 పాయింట్లు సమర్పించుకున్నారు. 1981లో ఇచ్చింది 257. 1963 తరవాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు. ఇదంతా ఒక్కడి ఘనతే అనను. అప్పుడు డిఫెన్స్ చూసుకున్నది బిల్ పార్సెల్స్, లైన్‌బ్యాకర్ల కోచ్ బిల్ బెలిచిక్. ఇద్దరూ తరవాత మహామహులయ్యారు. అయినా టేలర్ తేడా కళ్ళకి కట్టింది. అప్పటిదాకా పక్కనుంచి ఉరికే లైన్‌బ్యాకర్‌ని ఆపడం రన్నింగ్ బ్యాక్ పని. టేలర్ 237 పౌన్ల మనిషి, రన్నింగ్ బ్యాక్ కంటే బరువు, వేగం కూడా ఉంది. చిన్న పిల్లాణ్ణి తోసినట్టు తోసేసి వెళ్ళిపోయేవాడు.

మరి అవతలివాళ్ళు ఊరుకుంటారా? 1982 జనవరి 3న శాన్ ఫ్రాన్సిస్కోలో ప్లేఆఫ్ ఆట. అక్కడి కోచ్ బిల్ వాల్ష్ గోడలో ఎడమవైపు గార్డ్ జాన్ ఏయర్స్‌ని వెనక్కి జరిగి టేలర్‌ని పట్టుకోమన్నాడు. 38-24తో గెలిచారు. వాషింగ్టన్ కోచ్ జో గిబ్స్ ఏడాదికి రెండుసార్లు టేలర్‌ని ఎదుర్కోవాలి. ఆయన ఏకంగా ఒక రన్నింగ్ బ్యాక్‌ని తీసేసి, రెండో టైట్ ఎండ్‌ని పెట్టి, కొత్త అమరికే తయారుచేశాడు. ఒక్క మనిషి కోసం ఆర్కిటెక్చర్ మార్చడమంటే ఇదీ.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఏయర్స్ గానీ, రెండో టైట్ ఎండ్ గానీ వేరే పని మానేసి టేలర్‌ని కాచుకున్నారు. ఆ పాసులో టేలర్ వెనక్కెళ్ళిపోయినా సరే, వాళ్ళు అక్కడే కాచుకుని ఉండాలి. అంటే టేలర్ ఉరకకుండానే అవతలి జట్టులో ఒకణ్ణి ఖాళీగా కూర్చోబెట్టాడన్నమాట. అలా వెనక్కి వెళ్ళినప్పుడేమీ వృథా కాలేదు కూడా. 1982 నవంబరు 25న డెట్రాయిట్ మీద పాస్‌ని మధ్యలో అందుకుని 97 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. జెయింట్స్ 13-6తో గెలిచారు.

ఈ భయం ఎంతదాకా వెళ్ళిందో 1985 నవంబరు 18న దేశమంతా టీవీలో చూసింది. వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థైస్మన్ మీద టేలర్ పడ్డప్పుడు అతని కాలు విరిగింది. మళ్ళీ ఆడలేదు. లేచి చేతులూపుతూ డాక్టర్లని పిలిచింది కూడా టేలరే. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమవైపు కనబడదు. ఆ వైపు కాపలా కాసే లెఫ్ట్ టాకిల్‌కి గిరాకీ ఎందుకు పెరిగిందో మైకేల్ లూయిస్ 2006లో 'ది బ్లైండ్ సైడ్' పుస్తకంలో రాశాడు. 1993లో ఆటగాళ్ళు జట్లు మారే స్వేచ్ఛ వచ్చాక, అంతవరకూ పేరు కూడా ఎవరికీ తెలియని ఆ లెఫ్ట్ టాకిళ్ళు లీగులో అత్యధిక జీతగాళ్ళ వరసలోకి చేరారు.

సరే, అయితే ఉరికించడమే మంచిది కదా అంటారా? శాక్‌ల లెక్క చూద్దాం. వ్యక్తిగత శాక్‌లని లీగు అధికారికంగా లెక్కపెట్టడం 1982లో మొదలైంది. టేలర్ ఉత్తమ ఏడాది 1986. లైన్‌బ్యాకరై ఉండి లీగు మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడి అవార్డు కొట్టాడు. ఆ ఏడాది శాక్‌లు 20.5, ఆటలు 16. అంటే చరిత్రలోకెల్లా గొప్ప ఉరుకుడుగాడికి, వాడి గొప్ప ఏడాదిలో, ఆటకి ఒకటిన్నర శాక్ కూడా రాలేదు. క్వార్టర్‌బ్యాక్ ఆటకి ముప్ఫై పైచిలుకు సార్లు విసురుతాడు. మిగతా అన్నిసార్లూ అతని విలువ ఎక్కడుంది? వస్తాడేమో అన్న అనుమానంలో ఉంది.

శాక్‌లే ముఖ్యమనుకునేవాళ్ళకి డెరిక్ థామస్ కథ చెప్పాలి. కాన్సాస్ సిటీ లైన్‌బ్యాకర్. తండ్రి వైమానిక దళంలో పైలట్, 1972లో వియత్నాంలో చనిపోయాడు. ఆయన పాల్గొన్న దాడి పేరు 'ఆపరేషన్ లైన్‌బ్యాకర్ 2'. కొడుకు 1990 నవంబరు 11న, సరిగ్గా మాజీ సైనికుల దినం నాడు, సియాటిల్ మీద ఏడు శాక్‌లు చేశాడు. ఒక్క ఆటలో అన్ని శాక్‌లు అంతకుముందూ లేవు, తరవాతా ఎవరూ దాటలేదు. ఆఖరి బంతి. సియాటిల్ 10-16తో వెనకబడి ఉంది. థామస్ ఎనిమిదోసారి క్వార్టర్‌బ్యాక్ డేవ్ క్రీగ్‌ని చేరాడు, చేతులు కూడా వేశాడు. క్రీగ్ జారుకున్నాడు, 25 గజాల అవతల పాల్ స్కాన్సీకి విసిరాడు. టచ్‌డౌన్. 17-16. ఏడు శాక్‌లు రికార్డు పుస్తకంలోకెళ్ళాయి, ఆట సియాటిల్‌కెళ్ళింది. థామస్ తప్పేమీ లేదు. కానీ ఒక్కడే ఎనిమిదోసారి కూడా ఆపాలన్నట్టు తయారైన ఏ వ్యవస్థయినా ఏదో ఒక రోజు ఇలాగే పడుతుంది. ప్రొడక్షన్‌లో మన పరిస్థితి గుర్తొస్తోందా?

దీనికి మందు అప్పటికే సిన్సినాటిలో తయారవుతోంది. డిక్ లెబో అనే కోచ్ బిల్ ఆర్న్స్‌పార్గర్ దగ్గరకెళ్ళి మాట్లాడి, 'భద్రమైన ఒత్తిడి' అనే ఆలోచన పట్టుకొచ్చాడు. అదే జోన్ బ్లిట్జ్. లైన్‌బ్యాకర్ ఉరికితే వాడు వదిలిన చోటుకి లైన్‌మన్ వెనక్కెళ్ళి కాపలా కాస్తాడు. వచ్చేది అయిదుగురే, కానీ ఏ అయిదుగురో బంతి కదిలేదాకా తెలీదు. తరవాత లెబో పిట్స్‌బర్గ్‌లో దీన్ని పతాకస్థాయికి తీసుకెళ్ళాడు.

అక్కడే జేమ్స్ హ్యారిసన్ తయారయ్యాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, తీసుకున్నవాళ్ళు పదేపదే వదిలేశారు. అలాంటివాడు 2008లో 16 శాక్‌లతో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. 2009 ఫిబ్రవరి 1, సూపర్ బౌల్. మొదటి సగం ముగియడానికి 18 సెకన్లు. పిట్స్‌బర్గ్ 10-7తో ముందుంది, అరిజోనా గీత దగ్గరే ఉంది. ప్లాన్ ప్రకారం హ్యారిసన్ ఉరకాలి. ఉరుకుతున్నట్టు ఒక అడుగేసి, వెనక్కి తగ్గాడు. కర్ట్ వార్నర్ అతను వస్తాడనే లెక్కతో విసిరాడు. బంతి తిన్నగా హ్యారిసన్ చేతుల్లో పడింది. వంద గజాలు పరిగెత్తాడు. ఆఖరికి 27-23తో పిట్స్‌బర్గ్ గెలిచింది. ఆ ఏడాది అతను చేసిన పదహారు శాక్‌లే వార్నర్‌ని నమ్మించాయి. నమ్మించాక రాకపోవడంతో పని జరిగింది.

ఆ వార్నరే ఏడేళ్ళ ముందు కూడా ఇలాంటి దెబ్బే తిన్నాడు. 2002 ఫిబ్రవరి 3, సూపర్ బౌల్. సెయింట్ లూయిస్ 14 పాయింట్ల తేడాతో గెలుస్తుందని పందాలు. న్యూ ఇంగ్లండ్ కోచ్ ఇంకెవరు, బెలిచిక్. విలీ మెగినెస్ట్ లాంటి ఉరికేవాళ్ళని, ముందు మార్షల్ ఫాక్ అనే రన్నింగ్ బ్యాక్‌ని ఒకటి తగిలించి అప్పుడు వెళ్ళమన్నాడు. క్వార్టర్‌బ్యాక్‌ని చేరడం ఆలస్యమైనా ఫర్వాలేదు, ఫాక్‌ని కదలనివ్వకూడదు. ఆ పని మోజులోనే మెగినెస్ట్ ఫాక్‌ని పట్టుకుని పెనాల్టీ కూడా తెచ్చాడు. 97 గజాల టచ్‌డౌన్ ఒకటి రద్దయింది. అయినా 20-17తో గెలిచారు. అదే ఆటలో మైక్ వ్రేబెల్ అనే లైన్‌బ్యాకర్ అనుకోని చోటునుంచి వచ్చి వార్నర్ విసురుతుండగా తగిలాడు. ఆ పాస్‌ని టై లా అందుకుని టచ్‌డౌన్ చేశాడు.

2016 జనవరిలో డెన్వర్‌కి అదే పాఠం పనికొచ్చింది. డిఫెన్స్ కోచ్ వేడ్ ఫిలిప్స్. అవును, బమ్ ఫిలిప్స్ కొడుకే. టామ్ బ్రేడీ మీద వాన్ మిల్లర్ 2.5 శాక్‌లు చేశాడు. అదే ఆటలో వెనక్కెళ్ళి బ్రేడీ పాస్ ఒకటి అందుకున్నాడు. 20-18. తరవాతి సూపర్ బౌల్లోనూ 2.5 శాక్‌లు, 24-10, ఉత్తమ ఆటగాడి బహుమతి. అవతలి పక్క డిమార్కస్ వేర్ ఉన్నాడు కాబట్టి ఇద్దరు మనుషుల్ని ఒక్క మిల్లర్ మీదే పెట్టడం కుదర్లేదు. కొడుకు తండ్రి బాకీ తీర్చాడనిపిస్తుంది.

ఇవాళ ఈ మనుషుల్ని చాలాచోట్ల లైన్‌బ్యాకర్లని కూడా అనట్లేదు, ఎడ్జ్ అంటున్నారు. జీతాలూ అలాగే పెరిగాయి. మైకా పార్సన్స్‌ని 2021లో డాలస్ మధ్యలో ఆడే లైన్‌బ్యాకర్‌గా తీసుకుంది. వేరేవాడికి దెబ్బ తగిలి పక్కన పెడితే మొదటి ఏడే 13 శాక్‌లు. 2025 ఆగస్టులో గ్రీన్ బే అతణ్ణి తెచ్చుకుని నాలుగేళ్ళకి 18.8 కోట్ల డాలర్ల ఒప్పందం రాసింది. అంత డబ్బు పోశాక "ప్రతిసారీ ఉరికించు" అనే ఒత్తిడి కోచ్ మీద ఎంత ఉంటుందో ఊహించండి.

మన దగ్గరా అంతే కదా. టీములో గట్టివాడు ఒకడుంటే వాడి యుటిలైజేషన్ వంద శాతం చూపించకపోతే మేనేజరుకి నిద్రపట్టదు. ప్రతి టికెట్టూ వాడికే, ప్రతి అర్ధరాత్రి కాలూ వాడికే. స్టేటస్ రిపోర్టులో శాక్‌లు బాగానే పడతాయి. వాడు చూస్తున్నాడన్న ధైర్యంతో మిగతా పదిమంది ఎంత బాగా పనిచేస్తారో మాత్రం ఏ రిపోర్టులోనూ రాదు. నా మట్టుకు నాకు అలాంటివాణ్ణి నాలుగింట ఒక్కసారి వెనక్కి పంపడం వృథా ఖర్చు కాదు. ఆ ఒక్కసారి ఉండబట్టే మిగతా మూడుసార్లూ పని జరుగుతుంది.