గ్రీకు పురాణ వీరుల కంచు నాణేలు

గ్రీకు పురాణ వీరుల కంచు నాణేలు అనగా ప్రాచీన గ్రీకు నగరాలు, రాజులు ముద్రించిన కంచు నాణేలలో హెరాక్లెస్, ఒడిస్సియస్, అకిలీస్ వంటి వీరుల బొమ్మలు గలవి. వీటి సేకరణ నాణేల సేకరణలో ఒక ప్రత్యేక శాఖ. సాధారణంగా వెండి నాణేల కంటే చవకగా లభించడం వలన కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు వీటివైపు మొగ్గు చూపుతారు.

నేపథ్యం

గ్రీకు ప్రపంచంలో వెండి నాణేలు క్రీ.పూ. 6వ శతాబ్దం నాటికే వాడుకలో ఉన్నాయి. కంచు నాణేలు క్రీ.పూ. 5వ శతాబ్దంలో సిసిలీ, దక్షిణ ఇటలీ, నల్ల సముద్ర తీర ప్రాంతాలలో మొదలై, 4వ శతాబ్దంలో మిగిలిన చోట్లకు విస్తరించాయి. వెండి నాణెం విలువ ప్రధానంగా అందలి లోహాన్ని బట్టి ఉండేది. కంచు నాణెం విలువ మాత్రం ముద్రించిన నగరం మాట మీద నిలిచేది. కనుక అది చాలావరకు ఆ ఊరి సంతలోనే చెల్లేది. ఊరివారికి బాగా తెలిసిన వీరుడు దానిపై ముద్రగా ఉండటం సహజమే.

ప్రసిద్ధ నాణేలు

ఇథాకా ద్వీపపు కంచు నాణెంపై కోసుగా ఉండే టోపీ ధరించిన ఒడిస్సియస్ తల కనిపిస్తుంది. దానిపై ఉన్న "ఇథాకోన్" అనే గ్రీకు అక్షరాలకు "ఇథాకా వాసులది" అని అర్థం.

థెస్సలీ ప్రాంతపు నాణేలు ఇంకా ఆసక్తికరమైనవి. అక్కడి లారిస్సా క్రెమాస్తే నగరపు నాణెం బొమ్మ వైపు అకిలీస్ తల ఉంటుంది. బొరుసు వైపు అతని తల్లి థెటిస్ సముద్రాశ్వంపై కూర్చొని కొడుకు కోసం డాలు తీసుకొని వెళ్తుంటుంది. అదే ప్రాంతంలోని థీబ్స్ (బియోషియాలోని ప్రసిద్ధ థీబ్స్ వేరు) నాణెంపై ప్రొటెసిలాస్ ఓడ ముందుభాగం నుండి దూకుతుంటాడు. ట్రాయ్ నేలపై మొదట కాలుపెట్టినవాడు మరణిస్తాడని జోస్యం ఉన్నా దూకి, ప్రాణం కోల్పోయిన వీరుడతడు. రెండు సెంటీమీటర్ల లోహపు బిళ్లపై అచ్చు చెక్కినవాడు సరిగ్గా ఆ క్షణాన్నే ఎన్నుకున్నాడు.

అలెగ్జాండర్ కంచు నాణేలు విరివిగా దొరుకుతాయి. బొమ్మ వైపు సింహచర్మం కప్పుకున్న తలను పలువురు అలెగ్జాండర్‌గా పొరబడతారు గాని అది హెరాక్లెస్ తల. బొరుసు వైపు ఉన్న గద, విల్లు కూడా హెరాక్లెస్ ఆయుధాలే. బాక్ట్రియా రాజు యూథిడెమస్ కంచు నాణేలపైనా గడ్డంతో ఉన్న హెరాక్లెస్ తల ఉంది.

పరిరక్షణ, నకిలీలు

కంచుపై ఏర్పడిన గట్టి చిలుము నాణేనికి రక్షణ కవచం వంటిది. చింతపండుతోనో ఆమ్లంతోనో తోమితే మెరుపు వస్తుంది గాని బొమ్మలోని సూక్ష్మ రేఖలు చెరిగి, నాణెం విలువ పోతుంది. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం అది క్లోరైడ్ల వలన కలిగే "కంచు వ్యాధి". అట్టి నాణేన్ని విడిగా, తేమ తగలకుండా ఉంచాలి. పోతపోసిన నకిలీలను అంచున కనిపించే అతుకు గీత, ఉపరితలంపై గాలి బుడగల గుంటలు, తేడాగా ఉండే బరువు పట్టిస్తాయి.

చట్టం

కంచు నాణేలు దూరం ప్రయాణించనందున, అవి దొరికిన చోటు చరిత్రకారులకు గొప్ప ఆధారం. శిథిలమైన ఒక ఊరి పేరును అక్కడ అధికంగా లభించిన కంచు నాణేల సాయంతో గుర్తించవచ్చు. దొంగ తవ్వకాలలో బయటపడి, చేతులు మారి అమ్మకానికి వచ్చిన నాణెం ఎంత అందమైనదైనా ఈ సాక్ష్యం చెప్పలేదు. గ్రీసులో 2002 నాటి 3028 సంఖ్య గల చట్టం ప్రకారం నేలలో దొరికిన ప్రాచీన వస్తువులు ప్రభుత్వ ఆస్తి. కావున కొనేవారు నాణెం పూర్వ యజమానుల వివరాలు, పాత వేలం జాబితాలోని ఛాయాచిత్రం వంటి ఆధారాలు అడిగి తీసుకోవడం అవసరం.