కెమెరా పెట్టారు సరే, పాస్‌వర్డ్ మార్చారా?

కోళ్ల షెడ్డు, పశువుల కొట్టం, మోటారు గది వద్ద ఇప్పుడు చాలామంది రైతులు సెల్‌ఫోన్‌లో చూసుకునే కెమెరాలు పెట్టుకుంటున్నారు. దొంగల భయంతో పెట్టిన ఆ కెమెరాకే రక్షణ లేకపోతే, షెడ్డు దగ్గర ఎవరూ లేని వేళ బయటివారికీ తెలిసిపోతుంది.

కొన్ని కెమెరాలు, రికార్డర్లు 'అడ్మిన్', '12345' వంటి పాస్‌వర్డ్‌తోనే వస్తాయి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డ్‌లతోనే లక్షల పరికరాల్లోకి చొరబడింది. కాబట్టి కెమెరా బిగించిన రోజే పాస్‌వర్డ్ మీరే మార్చుకోవాలి. కనీసం 12 అక్షరాలు, అంకెలు కలిపి పెట్టుకోవాలి. ఫోన్ నంబరు, పిల్లల పేర్లు వద్దు. మరిచిపోతామనుకుంటే పుస్తకంలో రాసి బీరువాలో దాచుకోండి, ఫర్వాలేదు. రికార్డర్ డబ్బా మీద మాత్రం రాయవద్దు. యాప్‌ను మీ నంబరుతోనే నమోదు చేయించాలి. బిగించిన వ్యక్తి తన నంబరుతో చేస్తే కెమెరా అతని చేతిలోనే ఉంటుంది.

సిమ్‌తో పనిచేసే మోటారు స్టార్టర్ల విషయంలో అశ్రద్ధ ఇంకా ఎక్కువ. పని మానేసిన జీతగాడి నంబరు అందులో అలాగే ఉండిపోతుంది. అతను ఎక్కడి నుంచైనా మోటారు వేయగలడు. నీరు లేని బోరులో తిరిగితే మోటారు కాలిపోతుంది. మనిషి మారిన రోజే నంబరు తీసేయండి.

యాప్ అడిగే అప్‌డేట్లు వాయిదా వేయవద్దు. కెమెరా దానంతటదే తిరుగుతున్నా, పాస్‌వర్డ్ పనిచేయకపోయినా వెంటనే నెట్ తీసేసి, రీసెట్ చేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి. ఖాతాలో డబ్బు కూడా పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.