పిడికెడు బియ్యం

నల్లాలో ముందు గాలి వస్తుంది. గుర్రుమని ఓ నిమిషం చప్పుడు చేసి, తుప్పు రంగు నీళ్లు కాసిని కక్కి, ఆ తర్వాత ధార కడుతుంది. ఆ చప్పుడుకే ఆమె లేచింది. మీరు గుమ్మంలోనే నిలబడండి, లోపల చోటు తక్కువ. ఇంకా తెల్లవారలేదు. గోడవారన రెండు స్టీలు బిందెలు, ఒక నీలం డ్రమ్ము, బకెట్లు. రబ్బరు పైపును ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లో పెడుతోంది కానీ ఆమె చెవులు పక్క గదిలోనే ఉన్నాయి. నాలుగేళ్ల పిల్లవాడికి రాత్రంతా జ్వరం.

ఇది నాందేడ్. ఊరిని ఒరుసుకుంటూ గోదావరి, పక్కనే విష్ణుపురి జలాశయం. అయినా ఎండలు మొదలైతే నల్లా రోజూ రాదు. వచ్చినప్పుడు పట్టుకోవాలి, అది ఏ వేళైనా సరే. మార్చి నెల, లెంటు దినాల్లో ఒక శుక్రవారం. హోలా మొహల్లా పండుగకు వచ్చిన సిక్కు యాత్రికులు కొందరు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. 1708లో గురు గోవింద్ సింగ్ తనువు చాలించిన చోట వెలసిన గురుద్వారా హుజూర్ సాహెబ్‌లో ఈపాటికి లంగరు పొయ్యిలు వెలిగే ఉంటాయి. అక్కడ వేలమందికి రొట్టెలు కాలుస్తారు. ఇక్కడ అయిదుగురికి.

బిందె నిండేలోగా ఆమె పాడుతోంది. ఎవరికీ వినపడనంత సన్నగా. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోని పాట, 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌధరి కట్టినది. పుస్తకం చూడక్కర్లేదు, చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని నేర్చింది. చరణం అయ్యేసరికి పైపు మార్చాలి. ఆమె ఉదయ ప్రార్థన రోజూ ఇలాగే సాగుతుంది, మధ్యలో తెగుతూ, మళ్లీ అతుక్కుంటూ.

"కూసోండ్రి అక్కా, చాయ్ పెడ్త" అంటుంది మిమ్మల్ని చూసి. ఆమె పుట్టిల్లు నిజామాబాద్ వైపు. భర్త రైల్వేలో, నైట్ డ్యూటీ. 1956 దాకా నాందేడూ నిజామాబాదూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలోవి. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు పోతే ఇప్పటికీ సంతలో తెలుగు వినిపిస్తుంది. 2003లో సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలో నాందేడ్ డివిజన్ ఏర్పడ్డాక, బదిలీల మీద వచ్చిన తెలుగు ఇళ్లు ఇంకొన్ని చేరాయి. ఈ ఇంట్లో పిల్లలు మరాఠీలో పోట్లాడుకుంటారు, తెలుగులో ప్రార్థన చేస్తారు.

ఇప్పుడు ఆమె చేతినే చూడండి. బియ్యం డబ్బా మూత తీసింది. గిన్నెతో కొలిచి చాటలోకి పోసింది. రాళ్లు ఏరింది. కడగబోయే ముందు చాటలోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కనున్న పాత పాలడబ్బాలో వేసింది. కళ్లు మూసుకోలేదు, ఏమీ అనలేదు. క్షణం కూడా పట్టలేదు. ఆదివారం ఈ డబ్బా గుడికి పోతుంది. అక్కడ అందరి బియ్యమూ ఒకే బుట్టలో పోస్తారు.

ఈ పిడికెడుకు చాలా వెనకటి చరిత్ర ఉంది. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య, నిజాం రాజ్యంలోని దోర్నకల్లు నుంచి అధ్యక్ష మండలాన్ని నడిపాడు. అక్కడి విశ్వాసుల్లో ఎక్కువమంది కూలినాలి చేసుకునే మాల, మాదిగ కుటుంబాలు. చేతిలో రూపాయి ఆడని ఇళ్లు. ఆ ఇళ్ల ఆడవాళ్లు వంటకు గింజలు తీసినప్పుడల్లా ఒక పిడికెడు దేవునికని పక్కన పెట్టేవారు. సంఘం తన కాళ్ల మీద తాను నిలబడటానికి ఆ గింజలు ఆసరా అయ్యాయి. దేశానికి ఆ చివర మిజో కొండల్లోనూ 1910 నుంచి ఇదే పద్ధతి ఉంది. ఆస్తి మగవాడిది, జీతం మగవాడిది. ఇల్లాలి చేతి కింద ఉన్నవి వంటింటి గింజలే, వాటిలోంచే ఇచ్చింది. సారెపతు విధవరాలూ అంతే కదా. ఏలీయా అడిగినప్పుడు ఆమె దగ్గర తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కాస్త నూనె, ఆకలితో ఉన్న కొడుకు. ఆ పిండితోనే ముందు ప్రవక్తకు రొట్టె చేసి పెట్టింది.

పిల్లవాడు లేచి ఏడుస్తున్నాడు. ఆమె పొయ్యి తగ్గించి వెళ్లింది. థర్మామీటరు నూట రెండు చూపిస్తోంది. తడిగుడ్డ పిండి నుదుటి మీద వేస్తుంది, తీస్తుంది, ముంచుతుంది, మళ్లీ వేస్తుంది. వాడు ఆమె కొంగు పిడికిట్లో పట్టుకుని వదలడం లేదు. అటు అన్నం పొంగుతోంది. వంటింట్లోకి అత్తమ్మ పోయింది, గోడ పట్టుకుంటూ.

"ఇయ్యాల ఉపవాస కూటముంది" అంటుంది ఆమె గుడ్డ మారుస్తూ. "పోరాదు. పోయిన వారం గూడ పోలే. అందరు వాక్యం ఇంటరు, నేనేమో బోళ్లు తోముకుంట ఉంట. ప్రభువు ముంగట ఏం చూపిస్త అక్కా?"

ఈ మాట ఈ ఒక్క ఇంట్లోనే కాదు, నేను చాలా ఇళ్లలో విన్నాను. విన్నప్పుడల్లా నాకు మన ప్రసంగాల మీద కోపం వస్తుంది. మరియ పాదాల దగ్గర కూర్చుంది, మార్త వంటపనిలో తొందరపడి మాట పడింది. లూకా పదో అధ్యాయం దగ్గరే ఆగిపోయి ఎంతమంది తల్లుల మనసు చిన్నబుచ్చామో! ప్రభువు కాదన్నది ఆమె కలవరాన్ని, ఆమె వంటను కాదు. యోహాను సువార్త తెరవండి. పదకొండో అధ్యాయంలో, సోదరుణ్ని పాతిపెట్టిన దుఃఖంలో ఉండి కూడా, ఆయన క్రీస్తని, దేవుని కుమారుడని నోరారా ఒప్పుకొన్నది ఈ మార్తే. పేతురు ఒప్పుకోలుకు ఏమాత్రం తక్కువ కాని మాట అది. పన్నెండో అధ్యాయంలో బేతనియలో మళ్లీ విందు. మళ్లీ మార్తే వడ్డిస్తోంది. ఈసారి ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. అంత గొప్ప ఒప్పుకోలు తర్వాత కూడా ఆమె చేసింది వడ్డనే.

ఇంకొకటి. మూడు కుంచాల పిండిలో కాస్త పులిపిండి కలిపితే అంతా పొంగుతుందని చెప్పినవాడు, ఎప్పుడో తల్లి పిండి కలుపుతుంటే పక్కన కూర్చుని చూసే ఉంటాడని నా నమ్మకం. తిరిగి లేచిన తర్వాత తిబెరియ సముద్రపు ఒడ్డున బొగ్గుల మీద చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి అలసివచ్చిన శిష్యులను తినడానికి పిలిచిందీ ఆయనే. మరణాన్ని గెలిచినవాడు పొయ్యి దగ్గర కూర్చున్నాడు. అది చదివాక వంటిల్లు దేవునికి దూరమని ఎవరు చెప్పినా నేను వినను.

ఈ మాటే ఆమెతో అన్నాను. ఆమె వెంటనే ఏమీ అనలేదు. పిల్లవాడి పిడికిలి సడలేదాకా చూసి, కొంగు మెల్లగా విడిపించుకుని లేచింది.

జొన్నరొట్టెలు. అత్తమ్మకు అన్నం పడదు. వేడినీళ్లతో పిండి మర్దించి, పీట మీద అరచేత్తో గుండ్రంగా తడుతోంది. రొట్టెను పెనం మీద వేసి పైన నీళ్లు పూస్తుంది, తిప్పుతుంది, చివరికి మంట మీద పెడితే పొంగుతుంది. ఆవిరి ముఖానికి కొట్టినా తల తిప్పదు. మొదటి రొట్టె అత్తమ్మకు. రెండోది డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన భర్తకు. అతను తిని, చెయ్యి కడుక్కుని, నిద్రకు పోకుండా బకెట్‌లో నానిన బట్టలు తీసుకుని దాబా మీదికి పోయాడు. ఇది చెప్పడం నాకు ముఖ్యం. ఇంటిపని దేవుని సేవే అని పొగిడి, ఆ సేవంతా ఆమె ఒక్కదాని నడుము మీదికి తొయ్యడం అన్యాయం. సేవ అయితే అందులో ఇంటాయనకూ పాలుండాలి. కాళ్లు కడిగిన ప్రభువును కొలిచే ఇంట్లో బట్టలు ఆరేయడం చిన్నతనం కాదు.

మధ్యాహ్నం త్వరగా గడిచిపోతుంది. మందు, కునుకు, స్కూలు నుంచి వచ్చిన పెద్దపిల్ల. దాని సంచిలో లైబ్రరీ పుస్తకం ఒకటి, లక్ష్మీబాయి టిళక్ స్మృతిచిత్రే. బడికి పోయి చదువుకోని ఇల్లాలు, భర్త క్రైస్తవుడైతే ఏళ్ల తరబడి ఎడబాటు భరించి, చివరికి 1900లో తానూ బాప్తిస్మం తీసుకున్న మనిషి. ఆమె తన సంసారాన్ని రాసుకుంటే, 1934 నుంచి భాగాలుగా అచ్చయి, మరాఠీలో గొప్ప ఆత్మకథల్లో ఒకటిగా నిలిచింది.

దీపాలు పెట్టే వేళ చాప పరిచారు. పిల్లవాడికి చెమట పట్టి జ్వరం దిగింది, నాయనమ్మ ఒళ్లో ఉన్నాడు. పెద్దపిల్ల తెలుగు బైబిలు కూడబలుక్కుంటూ చదువుతోంది. బడిలో తెలుగు లేదు, అక్షరాలు నేర్పింది నాయనమ్మే, ఈ బైబిలు మీదే వేలు పెట్టి. తిమోతి విశ్వాసం గురించి రాస్తూ పౌలు మొదట అతని అవ్వ లోయిని, తల్లి యునీకేని తలచుకున్నాడు. ఆ ఇద్దరూ ఏ సభలోనూ ప్రసంగించినట్టు లేదు.

ప్రార్థన ఎవరు చేస్తారని భర్త అడిగాడు. "నేను జేస్త" అంది ఆమె. నీళ్లొచ్చినందుకు, జ్వరం దిగినందుకు స్తోత్రం చెప్పింది. పక్కింటి మరాఠీ వహిని కూతురి పరీక్షల కోసం అడిగింది. తన కోసం ఏమీ అడగలేదు.

సంఘ పెద్దలకు, అయ్యగార్లకు ఒక మనవి. కానుకల పుస్తకంలో కవర్ల మీది పేర్లు ఎక్కుతున్నాయి, అవి ఎక్కువగా ఇంటి యజమానులవి. బుట్టలో పడే బియ్యానికి పేరు లేదు. వచ్చే ఆదివారం నుంచి ఆ డబ్బా తెచ్చిన తల్లి పేరు కూడా రాయండి. కూటానికి రాలేకపోయిన శుక్రవారం ఆమె ఇంట్లో ఏం జరిగిందో సాక్ష్యం చెప్పమని పిలవండి. ఆమె మాట్లాడుతున్నంతసేపు పిల్లవాణ్ని ఎవరైనా ఎత్తుకోండి.