ఉన్నవ లక్ష్మీనారాయణ రచనలు

ఉన్నవ లక్ష్మీనారాయణ (1877 డిసెంబరు 4 – 1958 సెప్టెంబరు 25) గుంటూరు జిల్లాకు చెందిన బారిస్టరు, స్వాతంత్ర్య సమరయోధుడు, సంఘసంస్కర్త, తెలుగు నవలాకారుడు. ఆయన రచనలలో మాలపల్లి నవల అత్యంత ప్రసిద్ధమైనది. నాయకురాలు నాటకం, స్వరాజ్య సోది, బుడబుక్కల జోస్యం, భావతరంగాలు ఆయన ఇతర రచనలు. మాలపల్లిని ఆయన చెరసాలలో రచించాడు. అది అచ్చయిన తరువాత మద్రాసు ప్రభుత్వం దానిని రెండుసార్లు నిషేధించింది. న్యాయస్థానాలలో వాదించవలసిన వ్యక్తి ఖైదీగా ఉండి, పేదలపట్ల చట్టం ఎలా ప్రవర్తిస్తుందో చూపే నవల రాయడం, ఆ నవలే మళ్ళీ చట్టం చేతికి చిక్కడం తెలుగు సాహిత్య చరిత్రలో అరుదైన ఘట్టం.

రచనలకు నేపథ్యం

లక్ష్మీనారాయణ అప్పటి సత్తెనపల్లి తాలూకాలోని వేములూరుపాడులో జన్మించాడు. మొదట ఉపాధ్యాయ శిక్షణ పొంది, తరువాత న్యాయవాద వృత్తిని చేపట్టాడు. ఐర్లాండులోని డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి 1916లో బారిస్టరు అయ్యాడు. ఆ సంవత్సరమే డబ్లిన్‌లో బ్రిటిషు పాలనపై ఈస్టరు తిరుగుబాటు జరిగింది.

కందుకూరి వీరేశలింగం ప్రభావంతో ఆయన గుంటూరులో వితంతు వివాహాలకు, వితంతు శరణాలయానికి పూనుకొన్నాడు. భార్య ఉన్నవ లక్ష్మీబాయమ్మ ఈ కృషిలో ఆయనతో సమానంగా పాలుపంచుకొంది. బాలికల విద్య కోసం వీరు 1922లో గుంటూరులో శారదానికేతనం స్థాపించారు.

గాంధీజీ పిలుపుతో సహాయ నిరాకరణోద్యమంలో చేరి లక్ష్మీనారాయణ వృత్తిని విడిచిపెట్టాడు. 1921లో పల్నాడులో పుల్లరి సత్యాగ్రహం జరిగింది. అడవిలో పశువులను మేపుకొన్నందుకు ప్రభుత్వం వసూలుచేసే పన్నును పుల్లరి అంటారు. దానిని చెల్లించరాదని రైతులు నిశ్చయించుకొన్నారు. ఈ ఉద్యమానికి సంబంధించి ఆయనకు జైలు శిక్ష పడింది. రాయవెల్లూరు జైలులో ఉన్న కాలంలోనే మాలపల్లి రచన సాగింది.

మాలపల్లి

ఈ నవలకు సంగవిజయము అనే మరో పేరు ఉంది. బెల్లంకొండ రాఘవరావు 1922లో దీనిని రెండు భాగాలుగా ప్రచురించాడు. కాశీనాథుని నాగేశ్వరరావు దీనికి పీఠిక రాశాడు.

కథ మంగళాపురం అనే గ్రామంలో జరుగుతుంది. మాలపల్లెలో నివసించే రామదాసు వేదాంతి, భక్తుడు. ఆయన భార్య మహాలక్ష్మి. కొడుకులలో వెంకటదాసు, సంగదాసు, కూతురు జ్యోతి కథలో ప్రధాన పాత్రలు. సంగదాసు గ్రామంలోని ధనిక రైతు చౌదరయ్య వద్ద పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడు, సంగదాసు ప్రాణస్నేహితులు. ఇద్దరూ కలిసి అస్పృశ్యతా నివారణకు, కూలీల మేలుకు పనిచేస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ధరలు పెరిగాయి. ధాన్యంగా ఇచ్చే కూలికి బదులు డబ్బు ఇస్తే కూలివాడికి నష్టం, భూస్వామికి లాభం. నవలలోని కూలీల ఆందోళనకు ఇదే మూలం. ఆగ్రహించిన చౌదరయ్య చేతిలో సంగదాసు ప్రాణం కోల్పోతాడు. అతని పేరిట సంగపీఠం వెలుస్తుంది. వెంకటదాసు మాత్రం శాంతిమార్గాన్ని విడిచి తక్కెళ్ళ జగ్గడు అనే మారుపేరుతో దళాన్ని కూర్చుకొని, ధనికులను కొల్లగొట్టి పేదలకు పంచుతాడు. పట్టుబడి, చివరకు జైలులో మరణిస్తాడు.

రామదాసు కుటుంబం క్రిమినల్ సెటిల్‌మెంటు పాలవుతుంది. జ్యోతి, ఆమెను ప్రేమించిన అప్పాదాసుల మరణం నవలలోని విషాద ఘట్టాలలో ముఖ్యమైనది. రామానాయుడు, కమలల దాంపత్యం విచ్ఛిన్నమైన కథ దీనికి సమాంతరంగా నడుస్తుంది. చివరకు స్వరాజ్యం సిద్ధించి ఖైదీలు విడుదలైనట్లు రచయిత ఊహించాడు. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి పాతికేళ్ళ ముందు చేసిన ఊహ ఇది.

అన్నదమ్ములిద్దరి దారులు వేరు. సంగదాసుది గాంధేయ మార్గమని, వెంకటదాసుది సాయుధ మార్గమని విమర్శకులు సాధారణంగా విభజిస్తారు. 1917 నాటి రష్యా విప్లవ భావాల ప్రభావం కూడా నవలలో కనిపిస్తుంది. రచయిత మొగ్గు మొదటి మార్గం వైపే ఉన్నా, రెండవదానిని కేవలం నేరంగా చిత్రించలేదు. ఆకలి, అవమానం, హత్య ఒక మనిషిని ఆ దారిలోకి ఎలా నెడతాయో వివరంగా చూపించాడు.

నవలలో చట్టం

మాలపల్లిలో పోలీసులు, కోర్టులు, జైళ్ళు, సెటిల్‌మెంటు కథకు నేపథ్యంగా మాత్రమే ఉండక కథను నడిపిస్తాయి. డబ్బున్నవాడి నేరానికి, లేనివాడి నేరానికి చట్టం ఒకే కొలత వాడదన్నది నవల పొడుగునా సాగే వాదన. జైలు జీవిత చిత్రణలో రచయిత స్వానుభవం స్పష్టంగా కనిపిస్తుంది. నేరస్థుణ్ణి శిక్షించడం కంటె సంస్కరించడం ముఖ్యమన్న భావన కూడా ఈ భాగాలలో ఉంది.

సెటిల్‌మెంటు ఘట్టాలను అర్థం చేసుకోవడానికి నాటి నేరస్థ జాతుల చట్టం తెలియాలి. బ్రిటిషు ప్రభుత్వం 1871లో మొదట ఉత్తర భారతం కోసం చేసిన ఈ చట్టం, 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు రాష్ట్రంలోనూ అమలుకు వచ్చింది. ఏదైనా తెగనుగాని, ముఠానుగాని, ఒక వర్గం వ్యక్తులనుగాని నేరప్రవృత్తి గలవారిగా ప్రభుత్వం ప్రకటించవచ్చు. ఆ ప్రకటన సరైనదా కాదా అని విచారించే అధికారం న్యాయస్థానాలకు లేదు. అలా ప్రకటించినవారి వేలిముద్రలు తీసుకొనేవారు. వారు హాజరు వేయించుకోవాలి; అనుమతి లేకుండా ఊరు దాటరాదు. ప్రభుత్వం తలచుకొంటే వారిని కుటుంబాలతో సహా సెటిల్‌మెంటులో ఉంచవచ్చు. ఒకరు చేసిన నేరానికి అతనికే శిక్ష పడాలన్నది సాధారణ న్యాయసూత్రం. ఈ చట్టం దానిని తలకిందులు చేసి, పుట్టుకనూ బంధుత్వాన్నీ నేరానికి ఆధారం చేసింది.

కావలి, స్టూవర్టుపురం సెటిల్‌మెంట్లు

నవల వెలువడిన కాలంలో ఇటువంటి సెటిల్‌మెంట్లు కోస్తా జిల్లాలలో నిజంగానే నడుస్తున్నాయి. గుంటూరు జిల్లాలో బాపట్ల సమీపాన ఉన్న స్టూవర్టుపురం సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ నిర్వహించింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరిట ఆ ఊరికి ఆ పేరు వచ్చింది.

నెల్లూరు జిల్లా కావలిలో ఎరుకలవారి కోసం ఏర్పడిన సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషను నిర్వహించింది. శామ్యూల్ బాడెన్ అనే అమెరికన్ మిషనరీ చాలాకాలం దాని బాధ్యత వహించాడు. కావలికి దగ్గరలో బోగోలు మండలంలో ఉన్న కప్పరాళ్ళతిప్పను కూడా స్టూవర్టుపురంతో కలిపి చెప్పుకోవడం పరిపాటి. ఈ రెండు ఊళ్ళ ప్రజలు చట్టం పోయిన తరువాత కూడా చాలాకాలం ఆ ముద్రను మోయవలసి వచ్చింది.

పని నేర్పి, చదువు చెప్పి మార్చడం సెటిల్‌మెంట్ల లక్ష్యమని నిర్వాహకులు చెప్పేవారు. అక్కడివారికి మాత్రం అది బయటికి పోవడానికి వీల్లేని చోటు. తెలుగు కల్పనా సాహిత్యంలో ఈ వ్యవస్థను లోపలివారి వైపు నుంచి చూపిన తొలి రచనలలో మాలపల్లి ముఖ్యమైనది. నవలలోని సెటిల్‌మెంటును ఏదో ఒక ఊరికి ప్రతిరూపంగా గుర్తించడం కంటె, కావలి, స్టూవర్టుపురం వంటి చోట్ల అమలైన చట్టం మొత్తానికి చిత్రణగా చదవడం సమంజసం. నేరస్థ జాతుల చట్టాన్ని భారత ప్రభుత్వం 1952లో రద్దు చేసింది. ఆ చట్టం కిందకు వచ్చిన తెగలను ఆ తరువాత విముక్త జాతులు అని వ్యవహరిస్తున్నారు.

నిషేధాలు

మాలపల్లి ప్రచురణ చరిత్రలోని ముఖ్య ఘట్టాలు ఇవి:

1922: రెండు భాగాలుగా ప్రచురణ. కొద్దికాలానికే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.
1926: నిషేధంపై మద్రాసు శాసనమండలిలో తీవ్రమైన చర్చ జరిగింది.
1928: కొన్ని మార్పులతో ప్రచురించడానికి ప్రభుత్వం అనుమతించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం దీనిని పాఠ్యగ్రంథంగా స్వీకరించింది.
1936: ప్రభుత్వం మళ్ళీ నిషేధించి, పాఠ్యగ్రంథాల నుంచి తొలగించింది.
1937: రాజాజీ నాయకత్వంలోని కాంగ్రెసు ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తివేసింది.

ఈ క్రమం గమనించదగినది. ఒకే పుస్తకం ఒకే ప్రభుత్వం కింద పదిహేనేళ్ళలో నిషిద్ధ గ్రంథంగా, సవరించిన గ్రంథంగా, విద్యార్థులు చదవవలసిన గ్రంథంగా, తిరిగి నిషిద్ధ గ్రంథంగా మారింది. కూలీల సమ్మె, భూస్వామి దౌర్జన్యం, పేదల పక్షాన దోపిడీ వంటి విషయాలు వర్గద్వేషాన్ని, ప్రభుత్వ వ్యతిరేకతను రేకెత్తిస్తాయన్నది పాలకుల భయం.

భాష, శైలి

మాలపల్లి వెలువడే నాటికి గ్రంథాలలో గ్రాంథిక భాషదే పైచేయి. గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమం ఇంకా పూర్తిగా గెలవలేదు. అటువంటి సమయంలో ఉన్నవ గుంటూరు సీమ వాడుక భాషను నవలలో విరివిగా ఉపయోగించాడు. పాత్ర కులాన్ని, వృత్తిని, చదువును బట్టి మాటతీరు మారుతుంది. సామెతలు, వ్యవసాయపు మాటలు, వేదాంత తత్త్వాలు, పాటలు కథలో కలిసిపోతాయి.

సుదీర్ఘమైన ఉపన్యాసాలు, చర్చలు కథాగమనాన్ని కొన్నిచోట్ల మందగింపజేస్తాయన్నది తరచుగా వినిపించే విమర్శ. రామదాసును వేదాంతిగా తీర్చిదిద్దడంలో అగ్రవర్ణ సంస్కర్త దృష్టి ఉన్నదని, దళితుల స్వీయ అనుభవం అందులో తక్కువని తరువాతి కాలపు దళిత విమర్శ ప్రశ్నించింది. అయినా ఒక మాల కుటుంబాన్ని కథకు కేంద్రంగా నిలిపి, దాని సుఖదుఃఖాలను ఇంత విస్తారంగా చిత్రించిన నవల తెలుగులో అంతకుముందు లేదు. వీరేశలింగం రాజశేఖర చరిత్రము ఒక బ్రాహ్మణ కుటుంబం చుట్టూ నడిచిన నవల. నలభై ఏళ్ళ తరువాత తెలుగు నవల ఊరు దాటి పల్లెకు చేరిందనడానికి మాలపల్లి నిదర్శనం.

ఇతర రచనలు

నాయకురాలు (1926): పలనాటి చరిత్ర ఆధారంగా రాసిన నాటకం. మంత్రిత్వం నెరపిన నాగమ్మను సూచిస్తూ దీనికి ఈ పేరు పెట్టాడు. పుల్లరి సత్యాగ్రహం జరిగిన సీమ కూడా పల్నాడే.

స్వరాజ్య సోది, బుడబుక్కల జోస్యం: ఎరుకలసాని సోది, బుడబుక్కలవాని జోస్యం పల్లెలలో అందరికీ తెలిసిన జానపద రూపాలు. చదువురాని శ్రోతలకు కూడా జాతీయోద్యమ సందేశం చేరేలా ఆ రూపాల పేర్లనే ఈ రచనలకు ఎంచుకొన్నాడు.

భావతరంగాలు: ఇది కూడా ఆయన రచనల జాబితాలో చేరినదే.

న్యాయవాదులైన నవలాకారులు

న్యాయవాది నవల రాసి చట్టాన్ని నిలదీయడం ఇతర దేశాలలోనూ ఉంది. అమెరికాలో ఆల్బియన్ టూర్జే (1838–1905) ఉత్తర కరోలినాలో న్యాయమూర్తిగా పనిచేశాడు. న్యాయశాస్త్ర గ్రంథాలు రాశాడు. అంతర్యుద్ధం తరువాత నల్లజాతివారిపై సాగిన హింసను ఎ ఫూల్స్ ఎర్రండ్ (1879), బ్రిక్స్ వితవుట్ స్ట్రా (1880) నవలలలో చిత్రించాడు. రైళ్ళలో జాతి వివక్షను సవాలు చేసిన ప్లెస్సీ కేసును అమెరికా సుప్రీంకోర్టులో వాదించి 1896లో ఓడిపోయాడు. టూర్జే కోర్టులోనూ, పుస్తకంలోనూ పోరాడాడు. ఉన్నవ కోర్టును విడిచి వచ్చాడు. ఆయన న్యాయశాస్త్ర పరిజ్ఞానం నవలలో నిక్షిప్తమైంది.

తెలుగులో ఈ దారిలో తరువాత నడిచినవారిలో విశాఖపట్నం న్యాయవాది రాచకొండ విశ్వనాథశాస్త్రి ప్రముఖుడు. పోలీసులు, వకీళ్ళు, కోర్టుల మధ్య నలిగే పేదల జీవితాన్ని ఆయన ఆరు సారా కథలు వంటి రచనలలో చిత్రించాడు.

ఒక పొరపాటు

1938లో గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో వచ్చిన మాలపిల్ల చలనచిత్రానికి ఈ నవల ఆధారమని కొందరు పొరబడుతుంటారు. ఆ చిత్రానికి కథ గుడిపాటి వెంకటచలం రాసినది. అస్పృశ్యతా నివారణ రెండింటికీ ఉమ్మడి విషయమైనా, కథలు వేరు.

ప్రాముఖ్యత

లక్ష్మీనారాయణ 1958లో మరణించే నాటికి నేరస్థ జాతుల చట్టం రద్దయింది, అస్పృశ్యతను రాజ్యాంగం నిషేధించింది, మాలపల్లి స్వేచ్ఛగా పాఠకుల చేతికి అందుతున్నది. అయితే నవల లేవనెత్తిన కూలి రేట్లు, భూమి, విచారణ ఖైదీలు, పుట్టుకను బట్టి అనుమానించడం వంటి సమస్యలు ఆ చట్టాలతోపాటు అంతరించలేదు. తెలుగు నవలా చరిత్రలోనే గాక, ఆంధ్రదేశపు సామాజిక చరిత్రను, బ్రిటిషు కాలపు నేరచట్టాలను అధ్యయనం చేసేవారికి కూడా మాలపల్లి ముఖ్యమైన గ్రంథంగా నిలిచింది.