ఇంజిన్ ఆపితే సరిపోదు: ఫోర్క్‌లిఫ్ట్ సర్వీసింగ్, రిపేరులో తప్పనిసరి జాగ్రత్తలు

గోడౌన్లు, ఫ్యాక్టరీలు, ఓడరేవుల్లో బరువులు ఎత్తి దించే ఫోర్క్‌లిఫ్ట్ ఇప్పుడు మన ఇళ్లలో బాగా తెలిసిన పేరే. జీడిమెట్ల, పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామిక వాడల్లో, విశాఖ పోర్టులో, అటు సౌదీ, దుబాయ్, ఖతర్‌లలో ఈ బండి మీద ఆధారపడి బతికే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. నడిపేవాళ్ల శిక్షణ, లైసెన్స్ గురించి అందరూ మాట్లాడతారు. దాన్ని విప్పి బాగుచేసే మెకానిక్ గురించి, పక్కన నిలబడి స్పానర్ అందించే హెల్పర్ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

నిజానికి డ్రైవర్‌కు తల మీద ఇనుప గార్డు ఉంటుంది. మెకానిక్‌కు అది కూడా ఉండదు. అతను చెయ్యి, తల, ఒక్కోసారి ఒళ్లంతా బండి కింద పెట్టి పని చేస్తాడు. రెండున్నర టన్నులు ఎత్తే డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్ సొంత బరువే దాదాపు మూడున్నర, నాలుగు టన్నులు ఉంటుంది. అంటే నాలుగు చిన్న కార్ల బరువు.

బండి ఆగినా బలం ఆగదు

రిపేరులో జరిగే ఘోరమైన ప్రమాదాల వెనక చాలాసార్లు ఒకే పొరపాటు ఉంటుంది. "ఇంజిన్ ఆపేశాం కదా, ఇక భయం లేదు" అనుకోవడం. ఫోర్క్‌లిఫ్ట్‌లో ఇంజిన్ ఆగిన తర్వాత కూడా బలం నిలవ ఉంటుంది. పైకెత్తిన మాస్ట్‌లో బరువు ఉంటుంది. హైడ్రాలిక్ పైపుల్లో ఆయిల్ ప్రెషర్ ఉంటుంది. టైర్లలో గాలి, బ్యాటరీలో కరెంటు, ట్యాంకులో ఇంధనం ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి ఒక్కసారిగా విడుదలైనా మనిషి తప్పుకునే సమయం ఉండదు. అందుకే రిపేరు మొదలయ్యేది నట్టు విప్పడంతో కాదు, ఈ బలాలన్నిటినీ ఒక్కొక్కటిగా తీసేయడంతో.

చెయ్యి పెట్టే ముందు

బండిని చదునైన, గట్టి నేల మీద నిలపాలి. ఫోర్కులను పూర్తిగా నేలకు దించి, మాస్ట్‌ను కొద్దిగా ముందుకు వంచి ఫోర్కుల కొసలు నేలకు ఆనేలా చూడాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపాలి. తర్వాత లివర్లను అటూ ఇటూ కదిపితే పైపుల్లో మిగిలిన ప్రెషర్ పోతుంది. కొన్ని కొత్త మోడళ్లలో సీట్లో మనిషి లేకపోతే లివర్లు పని చేయవు. అలాంటి వాటిలో ప్రెషర్ ఎలా తీయాలో కంపెనీ మాన్యువల్ చూసి చేయాలి.

ఆ తర్వాత బ్యాటరీ కనెక్షన్ తీసేయాలి. చక్రాలకు ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టాలి. తాళంచెవి మెకానిక్ తన జేబులోనే ఉంచుకోవాలి. స్టీరింగ్‌కు "రిపేరులో ఉంది, స్టార్ట్ చెయ్యొద్దు" అని అట్ట కట్టాలి. ఆ అట్ట తెలుగులో, ఉర్దూలో, హిందీలో, అక్కడి పనివాళ్లు చదవగలిగే ఏ భాషలోనైనా ఉండొచ్చు. గల్ఫ్‌లో ఒకే గోడౌన్‌లో నాలుగైదు దేశాలవాళ్లు పని చేస్తారు కాబట్టి బొమ్మ ఉంటే ఇంకా మంచిది. ఎలక్ట్రికల్ రిపేరు మొదలుపెట్టే ముందు బ్యాటరీ కనెక్షన్ తీయాలని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనల్లో స్పష్టంగా ఉంది.

ఎత్తిన మాస్ట్ కింద

కొన్ని పనులకు మాస్ట్ ఎత్తక తప్పదు. అప్పుడు లివర్‌నో, సిలిండర్‌లోని ఆయిల్‌నో నమ్ముకుని కింద దూరకూడదు. ఒక సీలు తెగినా, ఒక పైపు ఊడినా క్షణంలో కిందికి వస్తుంది. మాస్ట్ లోపలి రైలు కింద గట్టి కొయ్య దిమ్మలో, స్టీల్ సపోర్టో పెట్టాలి. ఫోర్కులు ఉండే క్యారేజీని బలమైన చైన్‌తో మాస్ట్ పై అడ్డకమ్మీకి కట్టాలి. మాస్ట్ రైళ్ల మధ్య వేళ్లు పెట్టడం ఎప్పుడూ ప్రమాదమే. కత్తెరలా పట్టేస్తాయి.

మాస్ట్‌ను ముందుకూ వెనక్కూ వంచే టిల్ట్ సిలిండర్ల పిన్ను తీస్తే, మాస్ట్‌ను పట్టుకునేది ఏమీ ఉండదు. ముందుగా క్రేన్‌తోనో, చైన్ బ్లాక్‌తోనో మాస్ట్‌ను పైనుంచి కట్టిన తర్వాతే ఆ పిన్ను ముట్టుకోవాలి. అలాగే మాస్ట్ మొత్తం విప్పేస్తే ముందు బరువు పోయి, వెనక కౌంటర్‌వెయిట్ వల్ల బండి వెనక్కి ఒరగవచ్చు. కౌంటర్‌వెయిట్ తీస్తే ముందుకు ఒరగవచ్చు. ఏది విప్పితే బరువు ఎటు పోతుందో ముందే లెక్క వేసుకుని సపోర్టు పెట్టాలి.

జాక్ ఎత్తేది మాత్రమే

జాక్ పని ఎత్తడం. మోయడం స్టాండ్ల పని. జాక్‌తో ఎత్తగానే బండి బరువుకు తగిన స్టాండ్లో, గట్టి దిమ్మలో పెట్టి, బరువు వాటి మీదికి దించాలి. ఇటుకలు, సిమెంట్ బ్లాకులు వాడొద్దు. అవి ముందుగా చెప్పకుండా పగిలిపోతాయి. ఇంకో ఫోర్క్‌లిఫ్ట్‌తో వెనక భాగాన్ని ఎత్తి పట్టుకుని కింద పని చేయించడం కొన్నిచోట్ల అలవాటు. అది చాలా ప్రమాదకరం.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. చాలా ఫోర్క్‌లిఫ్ట్‌లలో హ్యాండ్ బ్రేక్ ముందు చక్రాలకే పని చేస్తుంది. ముందు భాగాన్ని జాక్‌తో ఎత్తితే ఆ చక్రాలు గాల్లో ఉంటాయి. అప్పుడు బ్రేక్ వేసినా వేయనట్టే. అందుకే వెనక చక్రాలకు అడ్డు పెట్టకుండా ముందు భాగం ఎత్తకూడదు.

సూది గుచ్చినంత గాయం, చెయ్యి పోయే ప్రమాదం

హైడ్రాలిక్ పైపులో ప్రెషర్ 150 బార్ దాటి ఉండవచ్చు. పైపుకు కంటికి కనిపించనంత చిన్న రంధ్రం పడితే అందులోంచి వచ్చే ఆయిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. లీకేజీ ఎక్కడుందో చేత్తో తడిమి చూడటం అందుకే తప్పు. అట్టముక్కో, చెక్కముక్కో దూరంగా పట్టుకుని చూడాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ప్రెషర్ పోయిందని నిర్ధారించుకున్నాకే జాయింటు విప్పాలి.

ఇలా ఆయిల్ లోపలికి పోయిన గాయం మొదట సూది గుచ్చినట్టే ఉంటుంది. పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. "ఏం కాదులే" అని పసుపు రాసి పనిలో పడిపోతారు. కొన్ని గంటల్లోనే లోపల కండ దెబ్బతింటుంది. ఆలస్యమైతే వేలు, చెయ్యి కోల్పోవాల్సి రావచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, "ప్రెషర్‌తో హైడ్రాలిక్ ఆయిల్ చర్మంలోకి పోయింది" అని ఆ మాటతోనే చెప్పాలి. దీనికి ఆపరేషన్ అవసరం పడవచ్చు.

బ్యాటరీ బండ్లు

ఎలక్ట్రిక్ ఫోర్క్‌లిఫ్ట్‌లో పొగ ఉండదు, చప్పుడు తక్కువ. అంతమాత్రాన ప్రమాదం లేదని కాదు. రెండు టన్నుల బండిలో లెడ్ యాసిడ్ బ్యాటరీ బరువు టన్నుకు అటూ ఇటూ ఉంటుంది. దాన్ని తగిన హుక్కులతో, దానికోసం చేసిన లిఫ్టింగ్ బీమ్‌తోనే ఎత్తాలి.

చార్జింగ్ సమయంలో ఈ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. చార్జింగ్ గదిలో గాలి ఆడాలి, బీడీ, సిగరెట్, వెల్డింగ్ దగ్గరికి రాకూడదు. ముందు చార్జర్ స్విచ్ ఆపి, తర్వాతే ప్లగ్ తీయాలి. ఉంగరం, కడియం, ఇనుప గొలుసు గడియారం తీసేసి పని చేయాలి. స్పానర్ జారి రెండు టెర్మినళ్ల మీద పడితే ఇనుము కూడా ఎర్రగా కాలిపోతుంది. యాసిడ్ కలపాల్సి వస్తే నీళ్లలో యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు.

బ్యాటరీ తీసేసినా కంట్రోలర్‌లోని కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు ఉంటుంది. మాన్యువల్‌లో చెప్పినట్టు దాన్ని డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో చూశాకే ముట్టుకోవాలి. లిథియం బ్యాటరీని వర్క్‌షాపులో విప్పొద్దు. పొగ, వింత వాసన, ఉబ్బు కనిపిస్తే మనుషులందరినీ బయటికి పంపి ఫైర్ సర్వీసును పిలవాలి.

డీజిల్, గ్యాస్ బండ్లు

మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపి చూడటం మంచిది కాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పి, మత్తుతో మొదలై ప్రాణం తీస్తుంది. గ్యాస్ బండి రిపేరుకు ముందు సిలిండర్ వాల్వ్ కట్టేసి, పైపులో మిగిలిన గ్యాస్ అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపాలి. ఎల్పీజీ గాలి కన్నా బరువు. లీకైతే కిందికి దిగి సర్వీస్ గుంతలో, డ్రైనేజీలో చేరుతుంది. అందుకే గ్యాస్ బండిని గుంత మీద పెట్టి పని చేయకూడదు. లీకేజీని సబ్బు నీళ్లతోనే చూడాలి, అగ్గిపుల్లతో కాదు.

తప్పు నట్టు విప్పితే

కారు టైరులో 30 నుంచి 35 పీఎస్ఐ గాలి ఉంటుంది. ఫోర్క్‌లిఫ్ట్ గాలి టైరులో 100 పీఎస్ఐ, అంతకు మించి కూడా ఉంటుంది. వీటి రిమ్ములు చాలావరకు రెండు ముక్కలుగా ఉండి, బోల్టులతో బిగించి ఉంటాయి. చక్రాన్ని బండికి పట్టే నట్లు వేరు, రిమ్ము రెండు ముక్కలను పట్టే నట్లు వేరు. గాలి ఉండగా రిమ్ము నట్లు విప్పితే ఆ ఇనుప ముక్క బాంబులా పైకి లేస్తుంది. చక్రం విప్పే ముందే వాల్వ్ పిన్ తీసి గాలి పూర్తిగా వదిలేయాలి. మళ్లీ గాలి నింపేటప్పుడు ఇనుప కేజీలో పెట్టి, పొడవాటి పైపుతో, పక్కకు నిలబడి నింపాలి. టైరుకు ఎదురుగా ఎవరూ ఉండకూడదు.

కంటితో కాదు, కొలిచి చూడాలి

ఫోర్కు మడమ దగ్గర మందం కొత్తప్పటి కన్నా 10 శాతం అరిగితే దాన్ని పక్కన పెట్టాల్సిందే. ఆ 10 శాతం అరుగుదలకే బరువు మోసే శక్తి సుమారు 20 శాతం తగ్గిపోతుంది. లిఫ్ట్ చైన్ 3 శాతం సాగితే మార్చాలి. కొందరు తయారీదారులు అంతకన్నా తక్కువకే మార్చమంటారు, వాళ్ల మాటే ప్రమాణం. పగిలిన ఫోర్కుకు లోకల్‌గా వెల్డింగ్ చేయించడం, చైన్‌కు బోల్టు వేసి అతకడం, తల మీది గార్డుకు రంధ్రాలు పెట్టడం చేయకూడదు. ఇవాళ మిగిలిన డబ్బు రేపు ఒక మనిషి ప్రాణానికి ఖరీదు కాకూడదు.

పని అయ్యాక

సామాన్లన్నీ లెక్కపెట్టుకోవాలి. తీసిన గార్డులన్నీ తిరిగి బిగించాలి. సీటు స్విచ్, సీటు బెల్టు, హారన్, రివర్స్ అలారం పనిచేస్తున్నాయో చూడాలి. సీటు స్విచ్‌కు వైరు కలిపి "డైరెక్ట్" చేసి ఇవ్వొద్దు. మొదట ఖాళీగా, మనుషులు లేని చోట బ్రేకు, స్టీరింగ్, లిఫ్టు పరీక్షించి, తర్వాతే బరువుతో చూడాలి. తాళంచెవి తిరిగి ఇచ్చేటప్పుడు ఏం మార్చారో రాసి ఇవ్వడం మంచి అలవాటు.

ప్రమాదం జరిగితే

యాసిడ్ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడుగుతూనే ఉండాలి, తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి. మనిషి బండి కింద చిక్కుకుంటే తొందరపడి బండిని కదపొద్దు. ముందు అది ఇంకా జారకుండా సపోర్టు పెట్టాలి. కరెంటు తగిలితే ముందు కరెంటు ఆపాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అంబులెన్స్‌కు 108, సౌదీలో 997, యూఏఈలో 998. ఈ నంబర్లు ఫోన్‌లోనే కాదు, వర్క్‌షాపు గోడ మీద కూడా రాసి ఉండాలి.

ఉస్తాద్, హెల్పర్, ఇంట్లోవాళ్లు

మన దగ్గర మెకానిక్ పని ఎక్కువగా ఉస్తాద్ దగ్గరే నేర్చుకుంటారు. ఉస్తాద్ చూపించిందే చదువు. అతను సపోర్టు లేకుండా బండి కింద దూరితే శిష్యుడూ అదే నేర్చుకుంటాడు. "సన్నగా ఉన్నాడు, లోపలికి దూరగలడు" అని కుర్ర హెల్పర్‌ను కిందికి పంపడం చాలా షెడ్లలో కనిపించేదే. అందరికన్నా తక్కువ తెలిసినవాడే అందరికన్నా ప్రమాదమైన చోట ఉంటాడన్నమాట. 14 ఏళ్లు నిండని పిల్లలను ఇతరుల వర్క్‌షాపులో పనికి పెట్టడం మన దేశంలో నేరం. ఆ వయసు దాటినవాళ్లయినా సరే, శిక్షణ లేకుండా ఈ బండ్ల దగ్గరికి పంపకూడదు.

ఇంట్లోవాళ్లు జీతం ఎంత అని అడిగినట్టే, షెడ్డులో స్టాండ్లున్నాయా, కళ్లద్దాలు, బూట్లు ఇచ్చారా, ఈఎస్ఐ ఉందా అని కూడా అడగాలి. సౌదీ వెళ్లేవాళ్లు తమ పేరు గోసీలో నమోదైందో లేదో చూసుకోవాలి. అక్కడ విదేశీ కార్మికులకు పనిలో గాయాల బీమా దాని ద్వారానే ఉంటుంది, దానికి డబ్బు కట్టాల్సింది యజమానే.

సపోర్టు పెట్టడానికి పట్టేది పది నిమిషాలు. "తొందరగా కానివ్వు" అని సూపర్‌వైజర్ అన్నప్పుడు "సపోర్టు పెట్టాకే దూరతాను" అని చెప్పగలగడం కూడా ఈ పనిలో నేర్చుకోవాల్సిన నైపుణ్యమే. ఆ మాట ముందుగా ఉస్తాద్ నోట రావాలి. అప్పుడే హెల్పర్‌కు కూడా చెప్పే ధైర్యం వస్తుంది.