కట్టు బిగువు: ఎముకల గాయాల చికిత్సలో ఒక చారిత్రక పరిశీలన

ఎముకలకు, కీళ్ళకు దెబ్బ తగిలినప్పుడు తెలుగువారు బెణికింది, కీలు తప్పింది, విరిగింది అంటారు. ఈ మాటల్లోనే ప్రాథమిక రోగనిర్ధారణ ఉంది. సుశ్రుత సంహిత నిదానస్థానం 15వ అధ్యాయం భగ్నాన్ని సంధిముక్తం, కాండభగ్నం అని విభజించి, మొదటిదానికి 6, రెండవదానికి 12 భేదాలు చెప్పింది. వాపు, తాకితే ఓర్వలేని నొప్పి, నొక్కినప్పుడు వినిపించే శబ్దం కాండభగ్న లక్షణాలు. 1895లో ఎక్స్-కిరణాలు వెలుగుచూసే వరకు వైద్యునికి ఆధారం కన్ను, చెవి, చేతివేళ్ళే.

చికిత్సాస్థానంలో మర్రి, రావి, మేడి, మోదుగ, వెదురు బద్దలతో కట్టు కట్టే విధానం ఉంది. కట్టును చలికాలంలో 7 రోజులకు, సమశీతోష్ణ కాలంలో 5 రోజులకు, వేసవిలో 3 రోజులకు మార్చాలి. అంతకన్నా ముఖ్యమైనది బిగువును గురించిన హెచ్చరిక. వదులైతే కీలు నిలవదు. మరీ బిగిస్తే వాపు, నొప్పి, చీము కలుగుతాయి. బిగువు కట్టు వల్ల కండరాలకు రక్తం అందక చేయి వంకరపోవడాన్ని జర్మన్ వైద్యుడు ఫోల్క్‌మన్ 1881లో వివరించాడు. గ్రంథంలోని ఈ హెచ్చరిక కట్టు కట్టే ప్రతి చేతికీ చేరిందని మాత్రం చెప్పలేం.

పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరు కట్టు తెలుగునాట విశేష ఖ్యాతి పొందింది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు దాని సాధనాలు. తరతరాల హస్తనైపుణ్యాన్ని తక్కువ చేయనక్కరలేదు. వేల్స్‌లో ఎముకలు కట్టే వంశంలో పుట్టిన హ్యూ ఓవెన్ థామస్ వైద్యవిద్య కూడా అభ్యసించాడు. ఆయన రూపొందించిన బద్దీ మొదటి ప్రపంచయుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికుల మరణాలను బాగా తగ్గించింది. మన దగ్గర వంశవిద్య, కళాశాల విద్య అలా కలవలేదు.

ఆ ఎడం కృష్ణా మెట్ట ప్రాంతానికి నేటి సమస్యే. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న వీరులపాడుకు సమీపాన, జగ్గయ్యపేట, నందిగామల మీదుగా హైదరాబాదు–విజయవాడ రహదారి సాగుతుంది. 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో మొదలైన 108 సేవతో క్షతగాత్రుని చికిత్స రోడ్డు మీదే ఆరంభమయ్యే వీలు కలిగింది. తొడ ఎముక విరిగితే లీటరుకు పైగా రక్తం లోలోపలే పోవచ్చు. పైకి గాయం కనిపించకపోవచ్చు. అందుకే కదలకుండా బద్దీ వేయడం, వేయక ముందూ వేసిన తరువాతా గాయానికి దిగువన నాడి, స్పర్శ చూడడం అత్యవసర చికిత్సలో తొలి పనులు. కట్టు ఎవరు కట్టినా, వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వాటిని చాపబోతే నొప్పి భరించరానిదైనా, కట్టును వెంటనే వదులు చేసి రోగిని శస్త్రవైద్యుని వద్దకు చేర్చవలసి ఉంటుంది. ఆలస్యమైతే కొద్ది గంటల్లోనే కండరం చచ్చుబడుతుంది.