పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల లోపాలు, మరమ్మతు: ఆదోని, ఎమ్మిగనూరు

కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల్లో పదీ పదిహేనేళ్ల, అంతకు మించిన వయసున్న డెస్క్‌టాప్ కంప్యూటర్లు ఇంకా పనిలో ఉన్నాయి. కమీషన్ దుకాణాల లెక్కలు, డీటీపీ సెంటర్ల పెళ్లిపత్రికలు, జిరాక్స్ షాపుల దరఖాస్తులు వాటి మీదే సాగుతుంటాయి. అలాంటి సిస్టమ్ హ్యాంగ్ అయినా, స్లో అయినా ముందుగా వినిపించే సలహా "ఫార్మాట్ కొట్టించు" అన్నదే. విండోస్ పాడైనప్పుడు ఆ మందు పనిచేస్తుంది. కానీ ఈ ప్రాంతంలో పాత యంత్రాన్ని దెబ్బతీసేవి చాలావరకు బయటి నుంచి వస్తాయి: గాలిలో తేలే పత్తి నూగు, వేసవి ఎండ, నిలకడలేని కరెంటు. అందుకే తనిఖీ గోడ ప్లగ్గు దగ్గర మొదలవ్వాలి. అక్కడి నుంచి దుమ్ము, మెమరీ, హార్డ్ డిస్కు చూసుకుంటూ వెళ్లాలి. విండోస్ సంగతి ఆ తర్వాత.

ఊళ్లు, వాటి పనులు

ఆదోని పత్తి మార్కెట్‌కు రాష్ట్రమంతటా పేరుంది. పత్తితో పాటు వేరుశనగ, ఆముదాలు కూడా ఇక్కడి యార్డుకు వస్తాయి. ఊరి చుట్టూ జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లులున్నాయి. ఎమ్మిగనూరు చేనేత పట్టణం. మాచాని సోమప్ప పూనికతో 1938లో ఏర్పడిన ఇక్కడి చేనేత సహకార సంఘం దేశంలోని తొలితరం నేత సంఘాల్లో ఒకటి. ఒకచోట దూది, ఇంకోచోట నూలు. రెండింటి నూగూ కంప్యూటర్ ఫ్యానుకు ఒకటే.

పాత యంత్రాలను జనం వదలకపోవడానికి పొదుపు ఒక్కటే కారణం కాదు. తెలుగు డీటీపీ పని చాలాకాలం అను ఫాంట్లు, పేజ్‌మేకర్ జంట మీద నడిచింది. పేజ్‌మేకర్ చివరి రూపం 7.0 వచ్చింది 2001లో. యూనికోడ్ కాని అను అక్షరాలతో చేసిన వందలాది పాత ఫైళ్లు, చేతికి అలవాటైన కీబోర్డు, ఎక్స్‌పీ మీదో విండోస్ 7 మీదో నిక్షేపంగా తెరుచుకునే లేఅవుట్లు ఉండగా కొత్త యంత్రం కొంటే పని పెరుగుతుందే తప్ప తగ్గదు. లెక్కల దుకాణాల్లో ట్యాలీ డేటా, వెడల్పాటి ప్యారలల్ పోర్టుకు తగిలించే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఇలాగే యజమానిని పట్టి ఉంచుతాయి.

కరెంటు, ఎర్తింగ్

క్యాబినెట్ రేకు మీద చెయ్యి పెడితే సన్నగా జుమ్ముమనడం చాలా దుకాణాల్లో మామూలు విషయమైపోయింది. "చిన్న షాకేలే" అని సరిపెట్టుకుంటారు. నిజానికి అది రోగ లక్షణం. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బా లోపల ఫేజ్ నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. విద్యుత్ రొదను ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ లేకపోతే 230 వోల్టుల్లో సగం, అంటే 115 వోల్టుల దాకా రేకు మీద నిలుస్తుంది. ప్రవాహం అతి తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమనడంతో సరిపోతుంది. అదే రేకు యూఎస్‌బీ కేబుల్ ద్వారా ప్రింటరుకో మానిటరుకో కలిసినప్పుడు పోర్టులు దెబ్బతినవచ్చు.

మల్టీమీటరుతో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ చూడాలి. రెండు మూడు వోల్టులు మించితే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఉప్పు, బొగ్గు వేసి కట్టిన ఎర్త్ గుంత తడి ఉన్నంతకాలమే బాగా పనిచేస్తుంది. నల్లరేగడి ఎండాకాలంలో బీటలు వారి పైపును వదిలేస్తుంది. మార్చి నుంచి గుంతలో అప్పుడప్పుడూ నాలుగు బిందెల నీళ్లు పోస్తే చాలు. ఇంత చౌకైన మరమ్మతు కంప్యూటర్ లోపల ఒక్కటీ లేదు.

తర్వాత చూడాల్సింది యూపీఎస్. దుకాణాల్లో సాధారణంగా కనిపించే 600 వీఏ యూపీఎస్‌లో 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ ఉంటుంది. దాని ఆయుష్షు రెండు మూడేళ్లు, వేడి గదిలో ఇంకా తక్కువ. కరెంటు పోయిన క్షణంలోనే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంటే బ్యాటరీ అయిపోయినట్టే. తెరిచిన ఫైళ్లన్నీ మూసేసి, యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి లాగి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. లేజర్ ప్రింటరును మాత్రం యూపీఎస్‌కు తగిలించకూడదు. కాగితం మీద ఇంకు పొడిని కరిగించే రోలరు వేడెక్కేటప్పుడు లాగే కరెంటును అంత చిన్న యూపీఎస్ మోయలేదు.

ఎస్ఎంపీఎస్ పరీక్ష మెకానిక్కులకు కరతలామలకమే. మదర్‌బోర్డు నుంచి 24 పిన్నుల కనెక్టరు విప్పి, అందులోని ఆకుపచ్చ తీగను ఏదైనా నల్ల తీగతో కలిపితే ఫ్యాను తిరగాలి. పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 లోపు, ఎర్ర తీగ మీద 4.75 నుంచి 5.25 లోపు వోల్టులు కనబడాలి. లోడు లేనప్పుడు సరిగ్గా చూపించి, పనిలో పడిపోయేవీ ఉంటాయి. అందుకే అనుమానం తీరకపోతే మంచి ఎస్ఎంపీఎస్ తగిలించి చూడడమే రుజువు. పాత డబ్బాల వెనక 115, 230 అని రాసిన ఎర్ర స్విచ్ ఉంటే అది 230 వైపే ఉండాలి. ఇంకోవైపు ఉంచి ప్లగ్గు పెడితే ఢామ్మంటుంది. డబ్బాను ఇంట్లో విప్పడం మంచిది కాదు. ప్లగ్గు తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో 320 వోల్టుల దాకా కొంతసేపు నిలిచి ఉంటుంది.

మెరుపుల కాలంలో, అంటే మే నెల గాలివానలకూ అక్టోబరు వానలకూ, ప్లగ్గుతో పాటు నెట్ కేబుల్ కూడా తీసేయాలి. పిడుగు తాకిడి ఆ దారినా వస్తుంది. మదర్‌బోర్డు మీది ల్యాన్ పోర్టు ఒక్కటే మాడి, మిగతాదంతా బాగున్న సిస్టమ్‌లు ఉంటాయి. వాటికి విడిగా ల్యాన్ కార్డు వేస్తే సరిపోతుంది.

నూగు, వేడి

మామూలు ఊరి దుమ్ము పొడిగా రాలిపోతుంది. పత్తి నూగు అలా రాలదు. ప్రాసెసర్ మీది అల్యూమినియం రేకుల సందుల్లో పోగులు అడ్డం పడి, వాటి మీద సన్నటి మట్టి చేరి, చివరికి కంబళి ముక్కలా ఊడివచ్చే పొర కడుతుంది. పైనుంచి చూస్తే ఫ్యాను శుభ్రంగా తిరుగుతుంటుంది. పొర దాని కింద ఉంటుంది కాబట్టి ఫ్యాను విప్పితే గానీ కనబడదు. మిల్లు పక్కన ఉన్న దుకాణంలో సీజన్ ముగిశాక ఒకసారి, ఎండలు ముదరక ముందే ఈ పని చేయించాలి.

బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే అది గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. వేరుశనగ నూనె మిల్లుల దగ్గర దుమ్ము జిడ్డుగా ఉంటుంది. దానికి బ్లోయర్ చాలదు. ఫ్యాను విప్పి బ్రష్షుతో తుడవాలి. ఎండిపోయిన థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, శనగగింజంత కొత్త పేస్టు పెట్టాలి. ఇంటెల్ ఫ్యానుకు నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిలో ఒక్కటి సగం లేచినా హీట్‌సింకు ఓరగా కూర్చుని ప్రాసెసర్‌ను సరిగా తాకదు. శుభ్రం చేయించిన మర్నాటి నుంచే సిస్టమ్ ఆగిపోవడం మొదలైతే ముందు చూడాల్సింది ఆ పిన్నులనే.

గది వేడి పది డిగ్రీలు పెరిగితే చిప్పు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఏప్రిల్, మేల్లో ఈ ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ప్రాసెసర్ తన హద్దుకు చేరగానే, చాలా ఇంటెల్ చిప్పుల్లో అది 100 డిగ్రీల చుట్టుపక్కల, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇంకా పెరిగితే సిస్టమ్ ఆఫ్ అవుతుంది. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం ఈడ్చే యంత్రానికి వైరస్ వెతకడం వృథా. పక్క మూత తీసి టేబుల్ ఫ్యాను పెట్టినప్పుడు వేగం పెరిగితే రోగం తెలిసినట్టే. అయితే అది పరీక్ష మాత్రమే. మూత లేకుండా వదిలేస్తే నూగు ఇంకా త్వరగా చేరుతుంది.

2000 దశకం మొదటి సగంలో తయారైన మదర్‌బోర్డుల్లో చాలావాటికి నాసిరకం ఎలక్ట్రోలైట్ ఉన్న కెపాసిటర్లు పడ్డాయి. ప్రాసెసర్ పక్కన వరుసగా నిలబడిన వాటి నెత్తి ఉబ్బినా, గోధుమరంగు పొక్కు కనిపించినా లోపం అదే. అదే మైక్రోఫ్యారడ్ విలువ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీల రకం వేసి అతికితే బోర్డు మళ్లీ లేస్తుంది.

డిస్‌ప్లే రాకపోతే

ఫ్యాను తిరుగుతూ తెర నల్లగా ఉంటే మెమరీని అనుమానించాలి. ర్యామ్ తీసి, బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండు కొక్కేలూ టక్కుమనేదాకా నొక్కాలి. అయినా రాకపోతే ర్యామ్ అంతా తీసేసి స్విచ్ వేయాలి. స్పీకరు తగిలించి ఉండి బీప్ మోగితే బోర్డుకు, ప్రాసెసర్‌కు ప్రాణం ఉన్నట్టే. నిశ్శబ్దమైతే ఎస్ఎంపీఎస్ లేదా బోర్డు. ఏఎంఐ బయాస్‌లో మూడు బీప్‌లు మెమరీని, ఎనిమిది బీప్‌లు డిస్‌ప్లేను సూచిస్తాయి. అవార్డ్ బయాస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు డిస్‌ప్లే లోపానికి గుర్తు. తరచూ నీలి తెర వస్తుంటే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామును రాత్రంతా నడపాలి. ఒక్క ఎర్ర వరస వచ్చినా అప్పటికి ఆ ర్యామ్‌ను నమ్మకూడదు. స్లాటు మార్చి మళ్లీ పరీక్షించాలి.

తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ మార్చాలి. దీని తమాషా ఏమిటంటే, ఫిర్యాదు గడియారం గురించి రాదు. జీఎస్టీ పోర్టల్ తెరుచుకోవడం లేదనీ, బ్యాంకు సైటు భద్రం కాదంటోందనీ వస్తుంది. సైట్ల భద్రతా ధ్రువపత్రాలకు మొదలూ తుదీ తేదీలుంటాయి. కంప్యూటర్ పదిహేనేళ్ల వెనక ఉంటే అవి చెల్లవు. నెట్ వాడి మీద పడే నిందల్లో కొన్ని ఈ బిళ్ల బ్యాటరీవే.

నెమ్మది

నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్కులో కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లు పడుతుంది. హెడ్ జరగడానికి ఇంకో 8, 9. అంటే చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను సెకనుకు 80 దాకా మాత్రమే చదవగలదు. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ అదే పనిని వేల సంఖ్యలో చేస్తుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్కు 100 శాతం దగ్గర అతుక్కుపోయి, ప్రాసెసర్ పది శాతం దగ్గర ఉంటే ప్రాసెసర్ మార్చమనే సలహా వినకూడదు. పాత బోర్డు సాటా వేగం తక్కువైనా ఎస్ఎస్‌డీ లాభం పోదు, ఎందుకంటే ఆదా అయ్యేది వెతుకులాట సమయం. పాత యంత్రానికి ఒక్క ఖర్చే పెట్టగలిగితే దీనికే పెట్టాలి.

డిస్కు స్లోగా ఉండడం వేరు, చస్తుండడం వేరు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాములో 05, సీ5, సీ6 వరసలు చూడాలి. మార్చిన సెక్టార్లు, తేలని సెక్టార్లు, చదవడానికి రాని సెక్టార్లు అక్కడ కనిపిస్తాయి. సీ5 సున్నా దాటి పెరుగుతుంటే ముందు డేటా కాపీ చేసుకోవాలి. ఆ స్థితిలో చెక్‌డిస్క్ నడపడమంటే మిగిలిన ఊపిరి దానికే ఖర్చు చేయడం. కరెంటు పోయి ట్యాలీ డేటా చెడితే ట్యాలీ ఈఆర్‌పీ 9లో కంట్రోల్, ఆల్ట్, ఆర్ నొక్కి రీరైట్ చేయవచ్చు, కానీ డేటా ఫోల్డరు కాపీ తీశాకే.

ఎక్స్‌పీ యంత్రాల్లో ఇంకో మర్మముంది. చదవడంలో ఆరు తప్పులు పోగైతే ఎక్స్‌పీ హార్డ్ డిస్కు ఉన్న ఐడీఈ ఛానల్‌ను అంచెలంచెలుగా కిందికి దించి, చివరికి వేగంగా సాగే డీఎంఏ నుంచి, భారమంతా ప్రాసెసర్ మీద పడే పీఐఓ పద్ధతికి మార్చేస్తుంది. సెకనుకు 100 మెగాబైట్ల దారి 16కు పడిపోతుంది, ప్రాసెసర్ కూడా ఆ మోతలోనే మునిగిపోతుంది. మౌస్ సైతం తడబడుతుంది. వదులైన రిబ్బన్ కేబుల్ మార్చి, డివైస్ మేనేజర్‌లో ఆ ఛానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే వేగం తిరిగొస్తుంది.

ర్యామ్ 2 జీబీ ఉంటే 4 చేయడం మంచిదే. కానీ డీడీఆర్2, డీడీఆర్3 గాళ్లు వేరు, వోల్టేజీలు వేరు. 32 బిట్ విండోస్ 4 జీబీలో మూడు చిల్లర మాత్రమే వాడుకుంటుంది. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయాలి.

మార్చవలసి వస్తే

విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆపైదో ప్రాసెసర్ కావాలి. ఈ యంత్రాల్లో ఎక్కువ వాటికి అది అందదు. పేజ్‌మేకర్ యంత్రాన్ని నెట్‌కు దూరంగా ఉంచి, బ్యాంకు, పోర్టల్ పనులకు వేరే సిస్టమ్ పెట్టుకోవడం నడిచే దారి. పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేయకుండా మాత్రం పెట్టకూడదు.

పాత ప్రింటరు కొత్త బోర్డుకు తగలాలంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్యారలల్ కార్డు వేయాలి. యూఎస్‌బీ మార్పిడి కేబుల్ విండోస్ ప్రోగ్రాములకు సరిపోతుంది. డాస్ కాలపు బిల్లింగ్ ప్రోగ్రాము నేరుగా ఎల్‌పీటీ1 అనే పోర్టుకే రాస్తుంది కాబట్టి ఆ కేబుల్‌ను గుర్తించదు. పైగా 64 బిట్ విండోస్ అలాంటి 16 బిట్ ప్రోగ్రాములను తెరవదు. బిల్లింగ్ మార్చేదాకా పాత యంత్రాన్ని ప్రింటరుతో సహా ఉంచుకోక తప్పదు.